ఎత్తుల పట్టిక - పిల్లల గడియారము

సైన్సు పుస్తకములోని పాఠములు చాలావరకు పరీక్షతోనే ముగిసిపోతాయి. ఘర్షణ బలమును గురించి ఇంటికి వెళ్ళి తల్లిదండ్రులతో తర్కించే విద్యార్థి అరుదు. ఒక్క పాఠము మాత్రము తరగతి గది దాటి ఇంటిలోకి నడచివస్తుంది. అది అద్దము ముందు నిలబడుతుంది, గోడమీద పెన్సిలు గీతలవద్ద నిలబడుతుంది, మొటిమలను గురించి, గొంతు బొంగురుపోవడమును గురించి, నిద్రను గురించి తల్లికీ బిడ్డకూ జరిగే చిన్న చిన్న తగవులలో కలుగజేసుకొంటుంది. అదే యౌవనారంభమును గురించిన పాఠము. ఈ విషయమై ఇంటిలో నోరు విప్పి మాట్లాడే పెద్దలు మన సమాజములో తక్కువ. కాబట్టి ఆ పాఠము పిల్లలకు చెప్పినంతగానే తల్లిదండ్రులకూ చెప్పుతున్నదని ఒప్పుకోవాలి. అట్టి పాఠమును మామూలు పాఠముకంటె గట్టిగా పరీక్షించడము న్యాయము.

ఇక్కడ పరీక్షకు తీసుకొన్నది జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి, అనగా ఎన్.సి.ఇ.ఆర్.టి., 2008 లో ప్రచురించిన ఎనిమిదవ తరగతి సైన్సు పుస్తకములోని పదవ అధ్యాయము. దాని పేరు ‘రీచింగ్ ది ఏజ్ ఆఫ్ అడోలసెన్స్’. మన సికింద్రాబాదులోని కేంద్రీయ విద్యాలయములలోను, సెంట్రల్ బోర్డు పద్ధతి అనుసరించే ఇతర పాఠశాలలలోను, 2025 లో కొత్త పుస్తకములు వచ్చేవరకు పిల్లలు చదివినది దీనినే. నేడు మా కళాశాలకు వచ్చే విద్యార్థులలో అనేకులు ఈ పాఠముమీదుగా వచ్చినవారే. మన రాష్ట్ర పాఠ్యపుస్తకములలో కూడా కౌమార దశను గురించిన పాఠమున్నది. దానిని విడిగా చూడవలసి ఉన్నది.

ముందు మంచి చెప్పుకొందాము. పుట్టబోయేది ఆడపిల్లా, మగపిల్లవాడా అన్నది తండ్రినుండి వచ్చే క్రోమోజోమువలన నిర్ణయమవుతుందని, అందుకు తల్లిని నిందించడము తగదని ఈ పాఠము స్పష్టముగా చెబుతుంది. ఆడపిల్లను కన్నదని కోడలిని ఆడిపోసుకొనే ఇళ్ళు ఇంకా ఉన్న దేశములో, పదమూడేళ్ళ పిల్లలకు ఈ మాట చెప్పడము చిన్న విషయము కాదు. బహిష్టు సమయమున ఆడపిల్ల వంటింటిలో పనిచేయరాదనడము మూఢనమ్మకమని కూడా సంకోచము లేకుండా వ్రాసినారు. హార్మోనుల కథను కప్ప రూపపరివర్తనతో ముడిపెట్టి, తోకకప్ప ఎదగడానికి అయోడిన్ ఎందుకు కావాలో చెప్పిన తీరు ఏ అధ్యాపకునికైనా ముచ్చట గొలుపుతుంది.

పాఠము తడబడినది ఎత్తుల పట్టికవద్ద.

ఆ పట్టికలో 8 మొదలు 18 ఏళ్ళవరకు ఒక్కొక్క వయస్సునకు, పిల్లలు తమ పూర్తి ఎత్తులో నూటికి ఎన్ని వంతులు అందుకొని ఉంటారో ఇచ్చినారు. మగపిల్లవాడు 9 ఏళ్ళకు నూటికి 75 వంతులు, 12 ఏళ్ళకు 84, 14 ఏళ్ళకు 92. ఆడపిల్ల 11 ఏళ్ళకు 88, 13 ఏళ్ళకు 95. దీనిని పట్టుకొని ఒక లెక్క చేయించినారు. తొమ్మిదేళ్ళ బాలుడు 120 సెంటీమీటర్లు ఉంటే, 120 ని 75 చేత భాగించి 100 చేత హెచ్చవేస్తే 160 వచ్చును. అతడు పెద్దవాడైన తరువాత 160 సెంటీమీటర్లు ఉండవచ్చునని తేల్చినారు. ఇక మీ ఎత్తు మీరు లెక్క వేసుకొండి అన్నారు.

పిల్లలు వేసుకొన్నారు. వేసుకోకుండా ఉంటారా? ఈ పుస్తకము మొత్తములో ప్రతి విద్యార్థీ ఎవరూ చెప్పకుండానే చేసే లెక్క ఇదొక్కటే అయి ఉండవచ్చును.

ఇప్పుడు పద్నాలుగేళ్ళ బాలునొకనిని ఊహించుకొందాము. ఎత్తు 146 సెంటీమీటర్లు. ప్రార్థన వరుసలో ఎప్పుడూ ముందు నిలబడేవాడు. గొంతు ఇంకా మారలేదు. పట్టిక ప్రకారము 146 ని 92 చేత భాగిస్తే అతనికి దక్కేది సుమారు 159 సెంటీమీటర్లు. కాని అతని శరీరము యౌవనారంభమున రెండేళ్ళు వెనుకబడి, నిజానికి పన్నెండేళ్ళ బాలుని దశలో ఉన్నదనుకోండి. ఇది రోగమేమీ కాదు. చాలా కుటుంబములలో తండ్రికో మేనమామకో ఇట్లే ఆలస్యముగా ఎదిగిన చరిత్ర ఉంటుంది. అప్పుడు భాగించవలసినది 84 చేత. వచ్చేది సుమారు 174. ఒకే బాలుడు, ఒకే ఎత్తు, ఒకే పట్టిక. తేడా 15 సెంటీమీటర్లు. తప్పు పట్టికలోని సంఖ్యలలో లేదు. పుట్టినరోజులను లెక్కపెట్టే గడియారముతో శరీరములోని గడియారమును చూచినందువలన వచ్చినది.

ఆ లోపలి గడియారము ఎక్కడ ఉన్నది? పొడవైన ఎముకల కొనలవద్ద మెత్తని మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడనే. యౌవనమున పీయూష గ్రంథినుండి, బీజకోశములనుండి వచ్చే హార్మోనులు మొదట ఆ పొరను ఉరకలు వేయిస్తాయి, చివరకు దానిని గట్టి ఎముకగా మార్చి మూసివేస్తాయి. మూసే పనిలో ముఖ్యమైనది ఈస్ట్రోజెన్, ఆడవారిలోనే గాక మగవారిలో కూడా. ఈ సంగతి రూఢిగా తెలిసినది 1994 లో. ఈస్ట్రోజెన్ పనిచేయని జన్యులోపముగల ఇరవై ఎనిమిదేళ్ళ పురుషుని ఒకనిని వైద్యులు పరీక్షించగా, అతడు 204 సెంటీమీటర్ల ఎత్తున ఉండి ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. అతని ఎముకల వయస్సు మాత్రము పదిహేనేళ్ళు! ఎడమచేతి మణికట్టును ఎక్స్-రే తీసి, ఆ పొరలు ఎంతవరకు మూసుకొన్నవో చూచి ఎముకల వయస్సును చెప్పవచ్చును.

ఈ విషయము శాస్త్రమునకు కొత్త కాదు. ఫ్రాన్సుదేశమున మోంబెయార్ అనే ప్రభువు 1759 నుండి 1777 వరకు తన కుమారుని ఎత్తును ఇంచుమించు ఆరునెలలకొకసారి కొలిచి వ్రాసి ఉంచినాడు. ఒకే బిడ్డను ఇట్లు కొలుస్తూపోతే యౌవనములోని ఉరుకు రేఖాపటముమీద శిఖరమువలె లేస్తుంది. అనేకమంది పిల్లలను ఒక్కొక్కసారి కొలిచి సగటు తీస్తే ఆ శిఖరము అణగిపోతుంది. ఎందుకనగా ఒకరి ఉరుకు పన్నెండవ ఏట, మరొకరిది పదిహేనవ ఏట వస్తుంది, సగటు వాటినన్నిటిని చదునుచేస్తుంది. ఫ్రాంజ్ బోయాస్ అనే మానవశాస్త్రజ్ఞుడు పందొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరములలోనే దీనిని గుర్తించి, పిల్లల ఎదుగుదలకు ఎవరి తాళము వారికి ఉంటుందని చెప్పినాడు. 1952 లో నాన్సీ బేలీ, సామ్యుయెల్ పినో కలసి ఎత్తుల పట్టికలు తయారుచేసినప్పుడు వాటిని పుట్టినరోజులకు కాక ఎముకల వయస్సుకు కట్టినారు. 2008 లో మన పిల్లల చేతికి వచ్చిన పట్టికకు ఆ కట్టు లేదు.

ఇంత దూరము పోనేల? మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918 లో కూనూరులో చిన్నగా మొదలై, 1958 లో ఇక్కడకు తరలివచ్చిన సంస్థ అది. అక్కడి శాస్త్రజ్ఞులు హైదరాబాదు చుట్టుపట్ల గ్రామములలోని బాలురను ఐదేళ్ళ వయస్సునుండి సంవత్సరముల తరబడి కొలుస్తూ వచ్చినారు. కె. సత్యనారాయణ, ఆయన సహచరులు 1980 లో ప్రచురించిన ఫలితము అధ్యాపకులు తెలిసికోదగినది. ఐదవ ఏటికే తిండి చాలక గిడసబారిన బాలురకు యౌవనపు ఉరుకు ఆలస్యముగా వచ్చినది. వచ్చిన తరువాత కూడా చిన్ననాటి లోటు పూర్తిగా తీరలేదు. అనగా మన తరగతిలో పొట్టిగా ఉన్న ఇద్దరు బాలురలో, ఒకడు కేవలము ఆలస్యపు తాళమువాడు కావచ్చును, మరొకడు పసితనములో పాలకు పప్పుకు నోచుకోనివాడు కావచ్చును. పుస్తకములోని లెక్క ఇద్దరికీ ఒకే జవాబు చెబుతుంది.

వ్యక్తికీ వ్యక్తికీ ఎదుగుదలలో తేడా ఉంటుందని పాఠము చెప్పకపోలేదు. చెప్పినది. ఒక మాట చెప్పి ఊరుకొని, లెక్క మాత్రము ఆ మాట లేనట్లే చేయించినది. పిల్లలకు గుర్తుండేది వాక్యము కాదు, తాము స్వయముగా తేల్చుకొన్న సంఖ్య.

ఆ సంఖ్య ఇంటిలో ఏమి చేస్తుందో చెప్పనక్కరలేదు. త్వరగా ఎదిగిన ఆడపిల్లకు ఇది తలక్రిందులుగా వర్తిస్తుంది. పదకొండేళ్ళకే 145 సెంటీమీటర్లున్న పిల్లకు పట్టిక 165 ఇస్తుంది. తల్లి మురిసిపోతుంది. ఎముకల వయస్సు పదమూడైతే రావలసినది 153 మాత్రమే. రెండేళ్ళలో ఎదుగుదల నిలిచిపోగానే ‘మా పిల్లకు ఏమో అయినది’ అని టానిక్కుల కొట్టుకు పరుగు. మగపిల్లవాని తండ్రి ఎత్తు పెంచే పొడులు కొంటాడు, పిల్లవానిని కమ్మికి వ్రేలాడమంటాడు. మూసుకొన్న పొరను ఏ పొడీ తెరవలేదు. తెరచి ఉన్నదానికి సరిపడిన తిండి, నిద్ర, ఆట ఉంటే పొడితో పనిలేదు. ఇంత సులువైన మాట పాఠములో ఉండవలసినది. మాటవరసకు, ప్రార్థన సమయమున పొట్టివారిని ముందు నిలబెట్టే మన వరుసలను కూడా ఒకసారి తలచుకోవలసి ఉన్నది. ప్రతి ఉదయమూ ఆ పట్టికను మైదానములో బొమ్మ కట్టిస్తున్నది మనమే గదా!

మనస్సును గురించిన భాగము మరీ పొట్టిది. ఈ వయస్సులో పిల్లలు స్వతంత్రముగా ఆలోచిస్తారని, మెదడుకు నేర్చుకొనే శక్తి అధికమని చెప్పి, కొందరికి కలిగే బెదురునకు కారణము లేదని భరోసా ఇచ్చి ముగించినారు. బెదిరినవానికి బెదురు అక్కరలేదని చెప్పడము దాహమైనవానికి దాహము మంచిది కాదని చెప్పడమువంటిది. ఇంటిలో నిత్యము రగిలే తగవు ఒకటి ఉన్నది: రాత్రి పడుకోడు, తెల్లవారి లేవడు. యౌవనారంభమున నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యముగా విడుదలవుతుంది, కాబట్టి నిద్రవేళ తనంత తానే వెనుకకు జరుగుతుంది. పదమూడు మొదలు పద్దెనిమిదేళ్ళవారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర కావాలి. ఈ కారణము చేతనే అమెరికాలోని బాలవైద్యుల సంఘము 2014 లో ఉన్నత పాఠశాలలు ఉదయము 8-30 కి ముందు మొదలుపెట్టరాదని సలహా ఇచ్చినది. సెల్‌ఫోను దీనిని మరింత చెడగొడుతున్నమాట నిజమే. అయినా బద్ధకమని తిట్టే తల్లికి సగము కారణమైనా గ్రంథులలో ఉన్నదని తెలిస్తే, తిట్టు సగమైనా తగ్గుతుంది. హార్మోనులకు ఇన్ని పుటలిచ్చిన పాఠములో దీనికి చోటు దొరకలేదు.

మరొక లోపము. ఎప్పుడు నిశ్చింతగా ఉండవచ్చునో, ఎప్పుడు వైద్యునివద్దకు పోవలెనో చెప్పకుండా సగటు ఒక్కటే చెప్పితే తల్లిదండ్రులకు ప్రయోజనము లేదు. ఆడపిల్లలకు 8 ఏళ్ళ లోపున, మగపిల్లలకు 9 ఏళ్ళ లోపున యౌవన లక్షణములు కనిపిస్తే చూపించాలి. 13 ఏళ్ళు నిండినా ఆడపిల్లకు వక్షోజములు పెరగడము ప్రారంభము కాకపోయినా, 14 నిండినా మగపిల్లవానికి వృషణములు పెరగడము ప్రారంభము కాకపోయినా, 15 నిండినా పిల్ల రజస్వల కాకపోయినా చూపించాలి. యౌవనమునకు ముందు ఏడాదికి 4 సెంటీమీటర్లయినా పెరగని బిడ్డనుకూడా అశ్రద్ధ చేయరాదు. ఈ హద్దుల మధ్యనున్న విశాలమైన మైదానములో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది గెలుపు ఓటములకు సంబంధించినది కాదు.

2025 నాటి కొత్త పుస్తకములలో ఈ విషయము ఏడవ తరగతికి వచ్చినది. ఇది మెచ్చుకోదగిన మార్పు. ఎనిమిదవ తరగతి నాటికి చాలామంది ఆడపిల్లలకు పాఠము చెప్పవలసిన కాలము దాటిపోయి ఉండేది. పాత పట్టిక మాత్రము అన్నల అక్కల పుస్తకములలో, గ్రంథాలయముల అరలలో ఇంకా ఉన్నది, చేతికి దొరికితే పిల్లలు లెక్క వేయక మానరు. అట్లు ఎవరైనా తరగతికి తెస్తే దానిని దాచవలసిన పనిలేదు. 146 సెంటీమీటర్ల ఆ పద్నాలుగేళ్ళ బాలుని నల్లబల్లమీద వ్రాసి, ఎముకల వయస్సు రెండేళ్ళు ముందుండవచ్చును, రెండేళ్ళు వెనుక ఉండవచ్చును అని చెప్పి, 98, 95, 92, 88, 84 చేత వరుసగా భాగించమనండి. వచ్చేవి 149, 154, 159, 166, 174. ఐదింటినీ నోటుపుస్తకములో వ్రాసికొని ఇంటికి తీసుకొనిపోనివ్వండి. ఆరు నెలల తరువాత గోడమీద మరొక గీత గీచినప్పుడు, ఆ ఐదింటిలో వేటిని కొట్టివేయవచ్చునో తల్లీ కొడుకూ కూర్చుండి చూచుకొంటారు.