నాలుగు ఛాయల పాతాళము

వెలుతురు పడినగాని కనబడని చిన్న తెర, దానియందు అడ్డముగా 160, నిలువుగా 144 చుక్కలు, రంగునకు మారుగా నాలుగు ఛాయలు, నడిపించుటకు నాలుగు పెన్సిల్ సెల్లులు: 1989లో జపాను దేశపు నింటెండో సంస్థ వెలువరించిన గేమ్ బాయ్ యను వీడియో ఆటల చేతియంత్రపు సంపద యింతమాత్రమే. సరిక్రొత్త సాంకేతికతకై పరుగిడక, వాడుకలో నలిగి చవకయైన పరికరములను నూతనమైన యూహతో వినియోగింపవలెనని నమ్మిన గున్‌పే యొకోయి దాని రూపకల్పనకు నాయకుడు. ఆ నమ్మకము కళగా ఫలించిన కృతులలో, ఆయనయే నిర్మాతగా 1991లో వెలువడిన ‘మెట్రాయిడ్ 2: రిటర్న్ ఆఫ్ సామస్’ను నేను ముందుగా నెన్నుదును.

కవచధారిణియైన సామస్ యను వీరాంగన, ఎస్‌ఆర్388 గ్రహపు గుహలలోనికి దిగి, ప్రాణశక్తిని పీల్చు మెట్రాయిడ్ల జాతిని నిర్మూలించుటయే కథ. టెలివిజను తెరపై నాడిన మొదటి ‘మెట్రాయిడ్’ ఆటయందు కవచము దృఢపడినప్పుడును, క్షిపణులను ఎన్నుకొనినప్పుడును సామస్ వర్ణము మారెడిది. వర్ణమే లేని యంత్రముపై ఆ భేదమును తెలుపు భారము ఆకృతిపై బడెను. దృఢకవచమునకు పెద్ద గుండ్రని భుజములు వచ్చెను. క్షిపణులను ఎన్నుకొనగనే చేతి ఫిరంగి మూతి తెరచుకొనెను. అవసరము కల్పించిన ఆ భుజములే తరువాత రంగుల యంత్రములపై గూడ సామస్ రూపమునకు గుర్తులై నిలిచినవి.

వివరములు కనబడుటకై సామస్‌ను పెద్దదిగా చిత్రించుటవలన ఆమె చుట్టును మిగిలిన తావు స్వల్పము. ముందున్న శత్రువు మీదికి వచ్చువరకు గోచరింపడు. ఒక గుహ మరియొక గుహను బోలియుండును. దారి చూపు పటము లేదు. ఇది ఆటగానికి క్లేశమే యనుట సత్యము. అయినను, కంటికి అందని చోటును చేతితో తడవి తెలిసికొనునట్లు, గోళముగా ముడుచుకొని గోడలను, కప్పులను అంటి ప్రాకు ‘స్పైడర్ బాల్’ శక్తి యిచ్చట లభించుచున్నది. ఆ శక్తితో అంచు వెంబడి మెల్లగా సాగుచు, ఎక్కడ గోడ ముగిసి రంధ్రము మొదలగునో పసిగట్టుటలోని యానందము, విశాలమైన తెరపై సమస్తమును ఒక్కమారు చూచువానికి దక్కునది కాదు.

తెర యడుగున నొక సంఖ్య సదా కనబడుచుండును. అది 39తో మొదలై, మెట్రాయిడ్ చచ్చినకొలది తగ్గుచుండును. నియమితమైన లెక్క పూర్తికాగానే నేల కంపించి, దారి మూసిన ఆమ్లద్రవము దిగిపోయి, మరింత లోతునకు త్రోవ యేర్పడును. ఇట్లు ఆట యంతయు చంపుటయే దారి తెరచు తాళపుచెవియని వ్రేళ్లకు నేర్పి, తుదకు మెట్రాయిడ్ల రాణి హతమైన పిమ్మట, గ్రుడ్డునుండి వెలువడిన మెట్రాయిడ్ శిశువును మన యెదుట నిలుపును. సామస్ దానిని కాల్చదు. అడ్డమైన శిలలను ఆ శిశువే భక్షించి దారి చేయగా, శత్రువొక్కడును లేని మార్గమున ఇరువురును సామస్ నౌకవైపు పైకి సాగుదురు. ఫిరంగికి పనిలేని ఆ నడకలో, ఒక్క సంభాషణయైన లేకుండ, అంతవరకు చేసిన సంహారమంతయు ఆటగాని మనస్సునకు తిరిగివచ్చును.

2017లో నింటెండో 3డీఎస్‌కై యీ యాటను పునర్నిర్మించిన శిల్పులు రంగులను, లోతును, పటమును సమకూర్చిరి. అది సుందరమైన కృతియే. అయితే ఆ తుది నడకకు పిమ్మట రిడ్లీ యను శత్రువుతో నొక మహాయుద్ధమును గూడ చేర్చిరి. దానితో ఆ నడకలోని మౌనము చెదరెను; అందుచేత నేనైతే క్రొత్తవారిచేత 1991 నాటి యాటనే మొదట ఆడింతును.