మూడు కెమెరాలు, ఒక చెంపదెబ్బ

తెలుగు ధారావాహికల్లో కొట్టేది ఒక్కసారే అయినా చెంపదెబ్బ తెరమీద మూడుసార్లు పడుతుంది. ఒకసారి ఎడమ నుంచి, మరోసారి కుడి నుంచి, మూడోసారి కొట్టినవారి భుజం మీదుగా చూపి, ప్రతిసారీ ఒక ఉరుమును జోడించి, ఆ పైన గదిలో ఉన్న బంధువులందరి ముఖాలనూ వరుసగా దగ్గర నుంచి తడిమే ఈ పద్ధతి మీద ఈ శీర్షిక లోగడ కూడా విసుక్కున్న సంగతి పాఠకులకు తెలిసిందే. ఈ వారం ఒక ధారావాహికలో ఆ దెబ్బ ఐదుసార్లు పడింది. తిన్న నటి ముఖం ఐదుసార్లూ ఒకేలా ఉంది. రిహార్సల్ లేనిచోట ఏర్పడే ఖాళీని పూడ్చడానికే కోణాలూ శబ్దాలూ వచ్చి చేరతాయన్నది ఈ శీర్షిక ఎన్నాళ్లుగానో వదలని పట్టు. ఆ వాదానికి దొరికే అతి బలమైన సాక్షి అమెరికన్ టెలివిజన్ నటి లూసిల్ బాల్. విచిత్రమేమిటంటే, ఒకే దృశ్యాన్ని మూడు కెమెరాలతో ఏకకాలంలో పట్టే విధానం హాస్య ధారావాహికల్లో స్థిరపడింది ఆమె కార్యక్రమంతోనే, అదీ నటి ఒకసారి చేసిన చేష్టను మళ్లీ మళ్లీ చేయనవసరం లేకుండా.

1911 ఆగస్టు 6న న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్‌లో పుట్టి, మూడేళ్ల వయసులోనే తండ్రిని పోగొట్టుకున్న లూసిల్ బాల్, పదిహేనో ఏట న్యూయార్క్ నగరంలో నటన నేర్పే బడిలో చేరితే, ఈ అమ్మాయికి నటన అబ్బదని తేల్చి గురువులు ఇంటికి పంపేశారు. కొన్నాళ్లు మోడల్‌గా పనిచేసి 1933లో హాలీవుడ్ చేరాక కూడా ఆమెకు దక్కినవి గుంపులో నిలబడే వేషాలే. ఆర్.కె.ఓ. స్టూడియోలో నెలజీతపు నటిగా కుదురుకుని, ‘బి’ చిత్రాలకు, అంటే ఒకే టికెట్టు మీద రెండు సినిమాలు చూపే ఆ రోజుల్లో పెద్ద చిత్రానికి జోడీగా తక్కువ ఖర్చుతో చుట్టేసే చిత్రాలకు, రాణి అనిపించుకుంది. అది పొగడ్తో ఎత్తిపొడుపో చెప్పడం కష్టం. ఆ తర్వాత ఎం.జి.ఎం. స్టూడియోలో ఉన్నప్పుడు మూకీల నాటి మహానటుడు బస్టర్ కీటన్ ఆమెలోని హాస్యనటిని గుర్తించి, చేతిలోని వస్తువుతో నవ్వు పుట్టించే కిటుకులు నేర్పాడు. 1948లో సి.బి.ఎస్. రేడియోలో ‘మై ఫేవరెట్ హస్బెండ్’ అనే కార్యక్రమం ఆమెకు మొదటిసారి ఇంటింటా పేరు తెచ్చింది.

ఆ రేడియో కథనే టెలివిజన్‌కు మార్చాలని సంస్థ అడిగినప్పుడు, భర్త వేషం తన భర్తకే ఇవ్వాలని బాల్ పట్టుబట్టింది. ఆమె 1940లో పెళ్లాడిన దేశీ అర్నాజ్ క్యూబా నుంచి వచ్చిన వాద్యబృంద నాయకుడు. అతని యాస ఉన్న ఇంగ్లీషును, వారిద్దరినీ జంటగా, అమెరికా ప్రేక్షకులు ఒప్పుకోరని సంస్థ సందేహించింది. దానికి జవాబుగా ఇద్దరూ 1950లో రంగస్థలం మీద కలిసి ప్రదర్శనలిస్తూ ఊరూరా తిరిగి, జనం ఒప్పుకుంటారని చూపించారు. 1951 అక్టోబరు 15న ‘ఐ లవ్ లూసీ’ మొదలైంది.

అప్పట్లో టెలివిజన్ నాటకాలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి ప్రత్యక్షంగా ప్రసారమయ్యేవి. తెరను ఎదురుగా ఫిల్ము మీద పట్టిన మసక ప్రతి, దాన్నే కినెస్కోప్ అనేవారు, అదే దేశం అవతలి కొసకు చేరేది. కార్యక్రమానికి డబ్బు పెట్టే సిగరెట్ల సంస్థకు ఆ మసక ప్రతులు నచ్చలేదు, దంపతులకు కాలిఫోర్నియా వదిలి వెళ్లడం నచ్చలేదు. అందుకని సినిమాలకు వాడే 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీదే, సుమారు 300 మంది ప్రేక్షకుల ఎదుట, హాలీవుడ్‌లోనే చిత్రీకరించాలని తీర్మానం జరిగింది. అందుకయ్యే అదనపు ఖర్చు కోసం దంపతులు వారానికి వెయ్యి డాలర్ల జీతం వదులుకుని, బదులుగా తీసిన ఫిల్ము మీద హక్కు తమ సంస్థ దేశీలూకు ఉండేలా ఒప్పందం రాయించుకున్నారు. 1927 నాటి ‘మెట్రోపొలిస్’కు పనిచేసిన ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ దీపాలన్నిటినీ పైకెత్తి కాంతిని అంతటా సమంగా పరిచినందువల్ల, నటి ఎటు పరుగెత్తినా మూడు కెమెరాల్లో ఏదో ఒకటి ఆమెను పట్టుకునేది.

పరుగెత్తడం అన్నది ఇక్కడ అలంకారం కాదు. మ్యాడలిన్ ప్యూ, బాబ్ క్యారల్ అనే రచయితల జంట బాల్ చేయవలసిన చేష్టలను స్క్రిప్టులో పెద్దక్షరాల్లో వివరంగా రాసేది. అవి మనిషికి సాధ్యమో కాదో ప్యూ ముందుగా తానే చేసి చూసుకునేది. వారం మొదట్లో అందరూ కూర్చుని స్క్రిప్టు చదవడం, తర్వాత రోజుల తరబడి రిహార్సల్, చివరికి ఒక సాయంత్రం ప్రేక్షకుల ముందు చిత్రీకరణ, ఇదీ వరుస. 1952 సెప్టెంబరులో ప్రసారమైన ‘జాబ్ స్విచింగ్’ అనే భాగంలో లూసీ, పొరుగింటి ఎథెల్ చాక్లెట్ల కర్మాగారంలో పనికి కుదిరి, కదిలే బెల్టు మీద వచ్చే చాక్లెట్లకు కాగితాలు చుట్టాలి. బెల్టు వేగం అందుకోలేక మొదట ఒకటి రెండు నోట్లో వేసుకుంటారు, తర్వాత టోపీలో, ఆ పైన రవిక లోపల దాస్తారు. అంతలో మేస్త్రి వచ్చి, ఒక్కటీ మిగలకుండా చుట్టేశారనుకుని వేగం పెంచమని కేక వేస్తుంది. ఉబ్బిన బుగ్గలతో నిలబడ్డ బాల్ కళ్లలో నవ్వించాలన్న తాపత్రయం మచ్చుకైనా ఉండదు, ఉద్యోగం పోతుందన్న భయం తప్ప. ‘చంటబ్బాయ్’ సినిమాలో హాస్యనటి శ్రీలక్ష్మి కవిత్వం వినిపించేటప్పుడు ఎంత గంభీరంగా ఉంటుందో గుర్తున్నవారికి ఈ రహస్యం విడమరచి చెప్పనక్కరలేదు.

అదే భాగంలో ఒక చెంపదెబ్బ కూడా ఉంది. చాక్లెట్లు ముంచే బల్ల దగ్గర లూసీ పక్కన కూర్చున్న స్త్రీ నటి కాదు, వృత్తిరీత్యా ఆ పనే చేసే మనిషి. ఈగను కొట్టబోయి లూసీ చాక్లెట్ చేత్తో ఆమె ముఖం మీద కొడుతుంది, ఆమె తిరిగి కొడుతుంది. రిహార్సల్‌లో మొహమాటపడి ఆగిన ఆ చెయ్యి చిత్రీకరణలో మాత్రం నిజంగానే గట్టిగా పడిందని బాల్ తర్వాత చెప్పుకుంది. ఒక్క దెబ్బ, ఒక్కసారి, ఉరుము లేకుండా.

ఆ తర్వాతి చరిత్ర చాలామందికి తెలిసిందే. గర్భవతి అన్న మాట పలకడానికే సంస్థ జంకిన కాలంలో బాల్ కడుపుతోనే నటించింది. 1953 జనవరి 19న కథలోని లూసీకి కొడుకు పుట్టిన భాగాన్ని సుమారు 4 కోట్ల 40 లక్షల మంది చూశారు, అదే రోజు ఆమెకు నిజంగానే కొడుకు పుట్టాడు. మర్నాడు జరిగిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రమాణ స్వీకారానికి కూడా అంతమంది ప్రేక్షకులు లేరు.

ఇంతవరకు చదివినవారికి ఈ వ్యాసం ఎటు పోతున్నదో తెలిసిపోయే ఉంటుంది: రిహార్సల్ చేసిన నటి గొప్పది, చేయని తెలుగు నటి తక్కువది. కాని లెక్క అలా కుదరదు. ‘ఐ లవ్ లూసీ’ ఆరేళ్లలో సుమారు 180 భాగాలు. తెలుగులో ‘కార్తీకదీపం’ 2017లో మొదలై అంతకంటే తక్కువ కాలంలోనే 1500 భాగాలు దాటింది. అందులో వంటలక్కగా ఇంటింటికీ తెలిసిన ప్రేమీ విశ్వనాథ్ మలయాళ నటి. పొరుగు భాషల నుంచి వచ్చే ఇలాంటి నటీమణులకు ప్రాంప్టింగ్ ఆధారం, అంటే కెమెరా పక్కన నిలబడి సహాయ దర్శకుడు సంభాషణను గట్టిగా చదువుతుంటే విని పలకడం. ఆ పలుకు కూడా చివరికి నిలవదు, డబ్బింగ్ కళాకారిణి గొంతు దాని స్థానంలోకి వస్తుంది. చెవి రాబోయే మాటను వింటూ ఉండగా నోరు నడుస్తున్న మాటను పలకాలి, ముఖం ఈ రెంటితోనూ సంబంధం లేనట్టు దుఃఖించాలి. ఒకే కాల్షీట్‌లో, అంటే ఒక రోజు పనివేళల్లో, నాలుగు వేర్వేరు భాగాల దృశ్యాలు తీస్తారు గనుక, పొద్దున ఏడ్చిన ఏడుపుకు కారణమైన సంఘటన సాయంత్రం గాని చిత్రీకరణకు రాకపోవచ్చు. లూసిల్ బాల్‌కు ఈ విద్యతో ఎన్నడూ అవసరం పడలేదు.

ఐదు కోణాల్లో ఒకేలా ఉన్న ఆ ముఖాన్ని కూడా ఇలా చూడవలసి ఉంటుంది. కెమెరాను ఒక్కోసారి ఒక్కోచోటికి మార్చి అదే క్షణాన్ని మళ్లీ మళ్లీ తీసేటప్పుడు, కంటిన్యుటీ కోసం, అంటే ఒక ముక్క చివర మరో ముక్కకు అతుకు తెలియకుండా కలవడం కోసం, కన్నీటి బొట్టు ఎక్కడ ఆగిందో మళ్లీ అక్కడే ఆగాలి, గడ్డం ఎంత వణికిందో అంతే వణకాలి. నటి చేయవలసినది సరిగ్గా అదే, ఆమె చేసింది కూడా అదే. దాన్ని ఐదుసార్లు చూపాలని నిర్ణయించినది ఆమె కాదు.

రిహార్సల్ ఒక్కటే చాలదనడానికి బాల్ జీవితంలోనే రుజువు ఉంది. 1986లో, 75 ఏళ్ల వయసులో, అదే రచయితల జంటతో ఆమె ‘లైఫ్ విత్ లూసీ’ అనే కొత్త ధారావాహిక మొదలుపెడితే, 13 భాగాలు తీసి 8 ప్రసారం చేశాక ఛానల్ దాన్ని ఆపేసింది. పద్ధతి పాతదే, క్రమశిక్షణ పాతదే. ఆపాలన్న నిర్ణయం మాత్రం ఛానల్‌ది. మొదటి ధారావాహిక నాడు వెయ్యి డాలర్లు వదులుకుని రాయించుకున్న హక్కు వల్లనే పాత భాగాల పునఃప్రసారాలు ఆదాయమయ్యాయి. ఒకప్పుడు బాల్ జీతానికి పనిచేసిన ఆర్.కె.ఓ. స్టూడియోను 1957లో భార్యాభర్తలు కొన్నారు. 1960లో విడాకులైన తర్వాత 1962లో మాజీ భర్త వాటాను కూడా కొని ఆమె పెద్ద స్టూడియోను నడిపిన తొలి మహిళ అయింది. ‘స్టార్ ట్రెక్’ ఆమె సంస్థలోనే పుట్టింది. 1967లో ఆ సంస్థను కోటీ డెబ్భై లక్షల డాలర్లకు అమ్మింది. వారమంతా రిహార్సల్ చేసుకునే తీరిక ఆమెకు నిలిచిందంటే, కార్యక్రమం ఎవరిదన్న ప్రశ్నకు ఒప్పందంలో తన సంస్థ పేరు ఉండటమే ముఖ్య కారణం.

తెలుగు ధారావాహిక నటి ఒప్పందంలో అలాంటి వాక్యం ఉంటుందని ఆశించడం అత్యాశ కావచ్చు. ఛానళ్లు చేయగలిగినవి రెండున్నాయి: వారానికి ఒక్క రోజు కెమెరా లేకుండా నటులను ఒకచోట కూర్చోబెట్టి స్క్రిప్టు చదివించడం, ముఖం ఇచ్చిన నటి పేరు పక్కనే గొంతు ఇచ్చిన మనిషి పేరునూ టైటిల్స్‌లో చదవగలిగినంతసేపు ఉంచడం. ఈ రెండింటి కోసం ప్రేక్షకులు ఛానళ్లకు ఉత్తరాలు రాయాలి. నటిని తిట్టే ఉత్తరాలు ఇప్పటికే కావలసినన్ని వెళుతున్నాయి.