ముచ్చటా, నీకు దండం

తాత నోట పుట్టి, మనవరాలి చెవిన పడి బతికే ముచ్చటా, నీకు దండం! నీకు గుడి అక్కర్లేదు, గోపురం అక్కర్లేదు. హుజూర్‌నగర్‌లో ఏ వాకిట్లోనైనా ఓ నులక మంచం, ఊ కొట్టే ఓ పిల్ల ఉంటే చాలు, కొలువుదీరుతావు.

నాయనమ్మ చేతి మీది పచ్చబొట్టును పిల్ల వేలితో రుద్ది చూస్తుంది. పోదు.

"ఎప్పుడు పొడిపిచ్చుకున్నవ్ నాయనమ్మా?"

"మేళ్లచెర్వు జాతరల, బిడ్డా. శివరాత్రికి బండి కట్టుకొని పోయినం. సూదికి ఏడుస్తుంటే మా నాయిన భుజానెత్తుకుండు."

ఆ ఒక్క జవాబుతో పిల్లకు ముత్తాత దొరికాడు. శంభులింగేశ్వరుడి ప్రభలు, ఎద్దుల పందేలు ఆయన వెంటే వచ్చాయి.

సాగర్ ఎడమ కాల్వ గట్టెక్కితే నీ గొంతులో నీళ్ల చప్పుడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారనీ, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలారనీ బడి పుస్తకం చెబుతుంది. మోట తోలి కాయలు కాసిన అరచేతులను, జొన్న గట్క తాగిన ఇంట్లో పూటపూటా వరన్నం ఉడికిన సంబరాన్ని చెప్పేది నువ్వే తల్లీ!

చేదునూ నువ్వు దాచవు. దొరల గడుల్లో వెట్టి చేసిన తాతలు నీలో ఉన్నారు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలకు చీకట్లో సద్దిమూట అందించిన అవ్వలు నీలో ఉన్నారు. స్తూపాలకెక్కని పేర్లకు నువ్వే నీడ.

మన ఇళ్లల్లో సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అన్న పేర్లెందుకని పిల్లలడిగితే, జాన్‌పహాడ్ దర్గాకు తోలుకుపోతావు. బిడ్డల కోసం మొక్కి, ఉర్సుకు కందూరు చేసిన హిందువుల ఇళ్ల కథ విప్పుతావు. కలిసి బతకడమెట్లాగో పిల్లలకు అక్కడే తెలుస్తుంది.

పులిచింతల ప్రాజెక్టు నీళ్లు నెమలిపురినీ, వెల్లటూరునూ కమ్మేశాయి. పునరావాస కాలనీలో పుట్టిన పిల్లకు పాత ఊరి రచ్చబండ, వేపచెట్టు, బడి నీ వల్లనే కనిపిస్తాయి. ఇంత చేసే నిన్ను సెల్‌ఫోన్ వెలుగులో మేం మరచిపోతున్నాం.

అమ్మలారా, అయ్యలారా! ఈ దసరా సెలవుల్లో పిల్లలను పెద్దల పక్కన కూర్చోబెట్టండి. ముత్తాత, ముత్తవ్వల పేర్లు, వాళ్ల ఊళ్లు, వాళ్ల పనులు పిల్లల చేతనే నోట్‌బుక్కులో రాయించండి. చెప్పేవాళ్లు ఉండగానే అడగండి.