సీసం పోయాక వాల్వు సీటు

పాత పెట్రోలు ఇంజన్‌కు సీసం లేని పెట్రోలు పడదన్న మాట సగమే నిజం. దెబ్బ తగిలేది ఇంజనంతటికీ కాదు, ఎగ్జాస్ట్ వాల్వు మూసుకున్నప్పుడు ఆనే సీటుకు. అదీ బరువుతో ఎత్తు ఎక్కే బండికే ఎక్కువ. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ అలాంటి దారే.

రాయలసీమ రోడ్ల మీద లారీలకు ఈ బెంగ లేదు. 1954లో టాటా-మెర్సిడెస్ రాకతో మొదలై లారీలన్నీ డీజిల్‌కు మళ్లాయి. డీజిల్‌లో సీసం కలిపిందే లేదు. పెట్రోలు మీద మిగిలినవి పాత విల్లీస్ జీపులు, మిలిటరీ వేలంలో కొన్న జోంగాలు, ఎక్కడో ఒక డాడ్జి.

పెట్రోలులో టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసం సమ్మేళనం కలిపితే నాకింగ్ (ఇంజన్ టకటక కొట్టుకోవడం) ఆగుతుందని 1921లో జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్జ్‌లీ కనుక్కున్నాడు. కాలిన సీసం వాల్వుకూ సీటుకూ మధ్య పలుచటి పొరగా పేరుకుని, అడగని మేలు కూడా చేసింది. మన దేశంలో సీసం లేని పెట్రోలు 1995లో నాలుగు మహానగరాలకు, 2000 ఫిబ్రవరి నుంచి అంతటికీ వచ్చింది. పిల్లల మెదళ్లను తినే విషం పోయింది; దాని ముందు వాల్వు ఖర్చు ఏపాటిది?

పొర లేనప్పుడు, బాగా కాలిన వాల్వు పోత ఇనుము సీటు మీద మూసుకున్నప్పుడల్లా సన్నని ఇనుప రేణువులు దానికి అతుక్కుని ఊడొస్తాయి. అవే ఆకురాయిలా సీటును అరగదీస్తాయి. వాల్వు లోపలికి దిగేకొద్దీ, వాల్వుకూ దాన్ని తెరిచే భాగానికీ మధ్య ఉంచే ట్యాపెట్ గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ పూర్తిగా పోతే వాల్వు సరిగా మూసుకోదు. కంప్రెషన్ పోతుంది, పికప్ పడిపోతుంది, చివరికి వాల్వు అంచు కాలిపోతుంది. ఊళ్లో తేలిగ్గా తిరిగే బండిలో ఇది ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం, నిండా జనంతో, సెకండ్ గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కి పట్టి నల్లమల మలుపులెక్కే బండికి అంత గడువుండదు.

పెట్రోలులో కలిపే మందులు ఈ అరుగుదలను కొంత ఆపుతాయి గానీ, ట్యాంకు నింపినప్పుడల్లా పోయాల్సిందే. శాశ్వత పరిష్కారం పాత సీటు తొలిపించి గట్టి ఉక్కు ఇన్సర్ట్ దిగ్గొట్టించడం. కొన్ని ఇంజన్లకు కంపెనీ నుంచే గట్టి సీట్లు ఉంటాయి కాబట్టి ముందు అది చూడాలి. చాలామంది జీపులవాళ్లు ఈ బాధ పడలేక డీజిల్ ఇంజనే ఎక్కించుకున్నారు.

ఇప్పుడు 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చింది. పాత రబ్బరు పైపులు, పెట్రోలు పంపు డయాఫ్రమ్ దీన్ని తట్టుకోవు, వాటినీ మార్పించాలి. ఘాట్ ఎక్కే పాత బండి ఉన్నవాళ్లు ఎగ్జాస్ట్ ట్యాపెట్లను ఫీలర్ గేజ్‌తో చూపిస్తూ ఉండాలి. సెట్ చేసిన గ్యాప్ మళ్లీ మళ్లీ తగ్గిపోతుంటే మందులు మానేసి సీట్లు మార్పించండి.