కొండకు ఏ వైపు వాన

సముద్రం మధ్య నిలిచిన ఎత్తయిన దీవికి ఒక తీరాన చినుకు తెరిపి ఇవ్వకుండా కురుస్తుంటే, ఎదుటి తీరాన నేల నెర్రెలిచ్చి ఉండడం భూగోళశాస్త్రం ఎప్పటినుంచో ఎరిగిన విషయమే. పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల కూలీలుగా వెళ్లిన తెలుగువారు స్థిరపడిన మారిషస్‌లో, ఏడాదిలో ఎక్కువ కాలం ఆగ్నేయం నుంచి వీచే వ్యాపార పవనాలు తూర్పు తీరాన్ని తాకి, దీవి నడుమనున్న పీఠభూమి మీదికి ఎక్కి, అక్కడ ఏటా సుమారు 4,000 మిల్లీమీటర్ల వాన కురిపించి, పడమటి తీరానికి దిగేసరికి తడిని చాలావరకు పోగొట్టుకుంటాయి కాబట్టి, ఆ తీరంలో కొన్నిచోట్ల వెయ్యి మిల్లీమీటర్లు కూడా పడదు. శ్రీలంక తీరు ఇందుకు భిన్నం. అక్కడ నైరుతి రుతుపవనాల కాలంలో రత్నపుర వైపు కొండలు తడుస్తుంటే తూర్పు తీరం వేడిగాలికి ఎండుతుంది. గాలి ఈశాన్యానికి మళ్లాక తడిసే వంతు తూర్పు తీరానికి వస్తుంది. మొదటి దీవిలో గాలి దిక్కు దాదాపు స్థిరం. రెండో దీవిలో ఆ దిక్కు రుతువుతో మారుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌కు సముద్రతీరం లేకపోయినా, దంతెవాడ జిల్లా పడమటి అంచున బీజాపూర్ జిల్లాకు ఆనుకుని నిలిచిన బైలడీలా పర్వతశ్రేణి, గాలి ప్రవాహం దృష్ట్యా చూస్తే, దీవి చేసే పనే చేస్తుంది. ఉత్తర దక్షిణాలుగా సుమారు 40 కిలోమీటర్ల పొడవు, 10 కిలోమీటర్ల వెడల్పు ఉన్న ఈ శ్రేణిలో రెండు గట్లు సమాంతరంగా సాగుతాయి. వాటి శిఖరాలు కొన్ని 1,200 మీటర్లు దాటుతాయి. 1968 నుంచి ఇనుప ఖనిజం తవ్వుతున్న కిరందుల్, దాని పొరుగున బచేలీ తూర్పు పాదాన ఉన్నాయి. గట్టు మీది ఆకాశ్‌నగర్ వానాకాలంలో మబ్బుల్లో మునిగి ఉంటుంది. పడమట నేల ఇంద్రావతి, గోదావరి పల్లపు భూముల వైపు దిగిపోతుంది. బైలడీలా గురించి రాసేవారు ఎక్కువగా ఖనిజం గురించే రాశారు. ఆ కొండ గాలిని ఎలా పైకెత్తుతుందో, ఎత్తిన నీటిని ఏ వైపు విడుస్తుందో తెలుసుకోవడం ఖనిజపు లెక్కకన్నా తక్కువ విలువైన సంగతేమీ కాదు.

కొండ వాన కురిపించే విధానం సూత్రంలో సులభమైనది. తేమతో నిండిన గాలికి కొండ అడ్డు తగిలినప్పుడు అది వాలు వెంట పైకి ఎక్కుతుంది. పైకి పోయేకొద్దీ పీడనం తగ్గడం వల్ల గాలి వ్యాకోచించి, ప్రతి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ చొప్పున చల్లబడుతుంది. ఒక ఎత్తులో ఆవిరి నీటి బిందువులుగా మారడం మొదలై, ఆ మార్పులో విడుదలయ్యే వేడి వల్ల చల్లబడే వేగం సగానికి దగ్గరగా తగ్గుతుంది. గట్టు దాటి అవతలికి దిగే గాలి మళ్లీ వేడెక్కుతుంది, మబ్బు కరుగుతుంది, వాన తగ్గుతుంది. గాలి ఢీకొనే వాలును పవనాభిముఖ వాలనీ, గట్టు చాటున వాన తక్కువ పడే నేలను వర్షచ్ఛాయా ప్రాంతమనీ పాఠ్యపుస్తకాలు అంటాయి. పడమటి కనుమల వెనుక ఉన్న అనంతపురం రెండోదానికి తెలుగు నేల మీద అందరూ ఎరిగిన ఉదాహరణ.

అయితే అనంతపురానికి సరిపోయిన బొమ్మను బైలడీలాకు ఉన్నదున్నట్టు తగిలిస్తే తప్పవుతుంది. రెండు మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చినుకు సెకనుకు సుమారు ఆరున్నర మీటర్ల వేగంతో రాలుతుంది. అది మూడు కిలోమీటర్ల ఎత్తునుంచి నేలకు చేరడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఆలోగా సెకనుకు 10 మీటర్ల వేగంతో వీచే గాలి దాన్ని నాలుగున్నర కిలోమీటర్లు పక్కకు మోసుకుపోగలదు. పడమటి కనుమల వంటి విశాలమైన అడ్డంకికి ఈ జరుగుబాటు లెక్కలోకి రాదు, కానీ మొత్తం వెడల్పే 10 కిలోమీటర్లయిన శ్రేణి మీద, పడమటి వాలున పుట్టిన చినుకు తూర్పు వాలున రాలడం సహజం. అందువల్ల గట్టుకు ఆనుకున్న చాటు గ్రామం తడిసి, మరికొన్ని కిలోమీటర్ల అవతలి ఊరు వెలితి పడవచ్చు. ఛాయ ఎక్కడ మొదలవుతుందో పటం చూసి చెప్పలేం, కొలిచి చూడవలసిందే.

అంతకన్నా ముఖ్యమైన చిక్కు గాలి దిక్కులోనే ఉంది. బస్తర్‌కు పెద్ద వానలు తెచ్చేవి ఎక్కువగా బంగాళాఖాతం ఉత్తర భాగంలో పుట్టి, ఒడిశా మీదుగా పడమర, వాయవ్య దిశల్లో సాగే అల్పపీడనాలు, వాయుగుండాలు. ఉత్తరార్ధగోళంలో అల్పపీడన కేంద్రం చుట్టూ గాలి గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది కాబట్టి, ఆ కేంద్రం ఒడిశా తీరాన ఉన్నప్పుడు బస్తర్ మీద గాలి వాయవ్యం నుంచి వస్తుంది. కేంద్రం బస్తర్‌కు సరిగ్గా ఉత్తరాన ఉన్నప్పుడు పడమటి నుంచి, ఇంకా ముందుకు సాగాక నైరుతి నుంచి వస్తుంది. ఆగ్నేయం నుంచి దగ్గరయ్యే శరత్కాలపు తుపాను సంగతి మరీ వేరు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటి ఛత్తీస్‌గఢ్ వైపు సాగిన హుద్‌హుద్ వంటి తుపాను ముందుభాగంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. అంటే జులైలో చాటున ఉన్న తూర్పు వాలే అప్పుడు గాలికి ఎదురు నిలుస్తుంది. తడి వైపు, పొడి వైపు అనే భేదం మారిషస్ తీరాలకు ఉన్నంత స్థిరంగా బస్తర్ కొండలకు లేదు. శ్రీలంకలో రుతువుకు ఒకసారి జరిగే మార్పు ఇక్కడ ఒకే వాయుగుండం దాటిపోయే రెండు మూడు రోజుల్లో కూడా కొంతమేర జరుగుతుంది. ఈ కొండల వానను అర్థం చేసుకోవడానికి ఏడాది సగటు సరిపోదని, రోజు లెక్క, వీలైతే గంట లెక్క, రెండు వాలుల మీదా ఉండాలని చెప్పడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు.

వాన కొలిచే పని ఈ ఉపఖండానికి కొత్త కాదు. ధాన్యాగారం ముందు మూరెడు వెడల్పు నోరున్న కుండను వర్షమానంగా ఉంచాలని కౌటిల్యుని అర్థశాస్త్రం నిర్దేశించింది. పొడి నేలల జాంగల దేశానికి 16 ద్రోణాలు (నాటి కొలత), జలసమృద్ధి ఉన్న ఆనూప దేశానికి అంతకు సగం ఎక్కువ, అశ్మకానికి 13న్నర, అవంతికి 23 ద్రోణాలు అని ప్రాంతాల వారీగా వాన లెక్క కూడా ఇచ్చింది. నేటి బోధన్ పరిసరాలను అశ్మకంలో భాగంగా చరిత్రకారులు గుర్తిస్తారు కాబట్టి, తెలుగు నేలకు చెందిన ఒక వాన అంకె ఆ గ్రంథంలో ఉందని సంతోషించవచ్చు. పన్ను వేయడానికీ విత్తనం చల్లడానికీ వాన ఎంతో తెలియాలని, అది చోటును బట్టి మారుతుందని ఆ రాజనీతిజ్ఞుడు గ్రహించడం గొప్ప విషయం.

నేటి పద్ధతి మరింత కట్టుదిట్టమైనది. భారత వాతావరణ శాఖ వాడే సాధారణ వర్షమాపకం నోటి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు. దాని అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున సమతలంగా ఉండాలి. దగ్గర్లోని చెట్టో గోడో ఎంత ఎత్తుంటే అంతకు కనీసం రెండింతల దూరంలో దాన్ని నిలపాలి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు పరిశీలకుడు వచ్చి, పట్టిన నీటిని కొలగాజులో పోసి, కంటిని నీటి మట్టానికి సరిగ్గా దించి అంకె చదివి, గడచిన 24 గంటల వానగా ఆ తేదీకి రాస్తాడు. 2.5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి పడితే అది వాన రోజు; 64.5 నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. వినడానికి ఇది గుమాస్తా పనిలా అనిపిస్తుంది గానీ, సాల వృక్షాల అడవిలో తగిన ఖాళీ జాగా వెదకడం, ఆకు రాలి గరాటు మూసుకుపోకుండా చూడడం, వాన పడని రోజు సున్నా రాయడం మరువకపోవడం ఓర్పు, నిజాయితీ కోరే విద్య. రాయని రోజుకూ సున్నా రోజుకూ తేడా చెరిగిపోతే ఏళ్ల శ్రమ వృథా అవుతుంది. గట్టు మీద పెట్టిన వర్షమాపకానికి మరో ఇబ్బంది ఉంది: పాత్ర అంచును తాకిన గాలి పైకి లేచి చినుకులను అవతలికి తోసేస్తుంది కాబట్టి, అసలు పడినదానికన్నా తక్కువ నమోదవుతుంది. తరువాతి కాలంలో అర్థశాస్త్రవేత్తగా పేరుపొందిన జెవాన్స్ 1861లోనే ఈ కారణాన్ని వివరించాడు.

ఇక ఎన్ని వర్షమాపకాలు ఉండాలన్నది ప్రశ్న. మైదానాల్లో 520 చదరపు కిలోమీటర్లకు ఒకటి, వాన ఎక్కువ పడే కొండ ప్రాంతాల్లో 130 చదరపు కిలోమీటర్లకు ఒకటి ఉండాలని భారత ప్రమాణం చెబుతుంది. చిన్న దీవులకైతే 25 చదరపు కిలోమీటర్లకు ఒకటి కనీసం అవసరమని ప్రపంచ వాతావరణ సంస్థ సూచించింది. ఉరామరిగా 400 చదరపు కిలోమీటర్ల బైలడీలాకు కొండ ప్రమాణం ప్రకారం మూడు, దీవి ప్రమాణం ప్రకారం 16 రావాలి. దీవి ప్రమాణమే ఈ శ్రేణికి తగినదని పైన చెప్పిన భౌతిక కారణాలను బట్టి వాదించవచ్చు. ఒకప్పుడు 39,000 చదరపు కిలోమీటర్లకు పైబడి కేరళకన్నా పెద్దదిగా ఉన్న బస్తర్ జిల్లా, 1998, 2007, 2012లలో జరిగిన విభజనలతో ఏడు జిల్లాలయింది. పాలన దగ్గరైంది, కానీ జిల్లా సగటు అనే అంకె, కొండకు రెండు వైపుల తేడాను నేటికీ దాచేస్తూనే ఉంది.

ఆ సగటు ఎవరికి పనికిరాదో బస్తర్ రైతు భూమిని విభజించే తీరే చూపుతుంది. వాలు పైభాగాన నీరు నిలవని మర్హాన్, దాని కింద టిక్రా, ఆ తరువాత మాల్, అడుగున నీరు నిలిచే గభార్ అని నేలను నాలుగు తెరగులుగా గుర్తించి, మర్హాన్‌లో కోదో, కుట్కీ వంటి చిరుధాన్యాలు, గభార్‌లో దీర్ఘకాలపు వరి వేస్తారు. వారం పాటు వాన మొహం చాటేస్తే మర్హాన్ వాడిపోతుంది, గభార్ తట్టుకుంటుంది. గంట సేపు కుంభవృష్టి కురిస్తే మర్హాన్‌లోని నీరు జారిపోతుంది, గభార్ మునుగుతుంది. కొన్ని వందల మీటర్ల వాలులోనే ఇంత భేదాన్ని ఎంచి సేద్యం చేసే సమాజానికి, జిల్లా మొత్తం మీద పరచిన ఒక్క అంకె ఇవ్వడం అన్యాయం.

వాలుల వారీ వాన లెక్క తెలుగు నేలకూ నేరుగా కావలసినదే. బైలడీలా తూర్పు వాలు నీరు శంఖిని, ఢంకిని నదుల్లో పడి, దంతెవాడలో దంతేశ్వరి ఆలయం దగ్గర కలిసి, ఇంద్రావతి గుండా చాలా దూరం చుట్టి గోదావరిని చేరుతుంది. 2025 ఆగస్టు చివరి వారపు వానలకు ఈ నదులే పొంగి దంతెవాడ, బస్తర్ జిల్లాలను ముంచాయి. ఆ కొండ ప్రాంతం నుంచే నైరుతిగా దిగే తాలిపేరు దగ్గరి దారిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల వద్ద 25 గేట్ల జలాశయంలోకి వచ్చి, భద్రాచలానికి ఎగువన గోదావరిలో కలుస్తుంది. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల వద్ద వరుసగా మూడు ప్రమాద హెచ్చరికలు జారీ చేస్తారు. 2022 జులైలో అక్కడ నీటిమట్టం 71 అడుగులు దాటింది. తెలంగాణలో వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలు వానను గంటల వారీగా చెప్పగలుగుతున్నాయి, కానీ తాలిపేరును నింపే వాన ఎక్కువగా వాటికి అందకుండా రాష్ట్ర సరిహద్దుకు అవతల కురుస్తుంది. చర్లలో ఏ గేటు ఎప్పుడు ఎత్తాలో నిర్ణయించే సిబ్బందికి ముందుగా అందవలసిన సమాచారం, ఆ రాత్రి బైలడీలా పడమటి వాలున ఎంత పడింది, ఏ గంటలో పడింది, గాలి ఏ దిక్కున ఉంది అన్న మూడు అంకెలే.