పైవరుసా అడుగువరుసా

గత మంగళవారమునాడు మా వీధిలోని బియ్యపు అంగడిముందు లారీనుండి బస్తాలు దింపి నెట్టు కట్టుచుండగా, పదవ తరగతి పరీక్షకు చదువుకొనుచున్న పొరుగింటివారి మనుమడు నా ప్రక్కన నిలిచి చూచుచుండెను. అడుగున 12 బస్తాలు, వానిపై 11, ఆపైన 10, ఇట్లు వరుసకొకటి తగ్గుచు ఎనిమిదవ వరుసకు 5 మిగిలినవి. "మొత్తమెన్ని నాయనా?" అని అడిగితిని. ఆ బాలుడు వ్రేలు చాచి ఒక్కొక్క బస్తానే లెక్కింప నారంభించెను. ముందునాటి రాత్రి అంకశ్రేఢి మొత్తమునకు సూత్రమును "ఎన్ బై టూ" అని మొదలుపెట్టి గోడకీవల నున్న నాకు నిద్రపట్టనంతగా వల్లించినవాడతడే! నాకు కలిగిన మనస్తాపము ఇంతింత యని చెప్పజాలను.

అర్థము మనసున కెక్కకముందే సూత్రమును నోటి కెక్కించుట గూర్చి నేను చేయు పోరు ఈ శీర్షికను విడువక చదువువారికి క్రొత్తది కాదు. ఈ యాంగోన్‌లో పుట్టినవానికి శ్రేఢి యనగా ఏమో పుస్తకము చెప్పవలెనా? రెండవ బర్మా యుద్ధానంతరము ఆంగ్లేయులు మాంట్‌గొమరీ, ఫ్రేజరుల పథకము ననుసరించి 100 అడుగుల రాజవీధులు, 50 అడుగుల వీధులు, 30 అడుగుల సందులుగా ఈ నగరమును గీచిరి. ఆ సందులకు సంఖ్యలే పేర్లు. 26వ వీధిని మొదటి పదముగా గొన్నచో 30వ వీధి ఐదవ పదము. కాని సంఖ్యగల సందులనే లెక్కించుచు అచ్చటికి పోవుటకు వేయవలసినవి నాలుగంచెలే. సూత్రములో 'ఎన్'నుండి ఒకటి ఏల తీసివేయవలెనో ఆ నాలుగంచెలు నడచినవానికి వేరుగా చెప్పనక్కరలేదు.

మా తాతగారికి అక్షరములు రావు. కాకినాడ రేవులో ఓడ యెక్కి, ఆనాడు మనవారు రంగమని పిలిచిన ఈ యాంగోన్ చేరినప్పుడు ఆయన చేత నున్నది కూలీలను కుదుర్చు మేస్త్రి యిచ్చిన బయానా ఒక్కటే. ఆనాటి రంగములో సగమునకు పైగా జనులు భారతీయులేయని 1931 జనాభా లెక్కలు చెప్పుచున్నవి. గోదావరి ముఖమున నున్న కోరంగి రేవు పేరనే బర్మీయులు మనవారిని కొరంగీలని పిలిచిరి. పజున్‌డౌంగ్ కాలువయొడ్డున బియ్యపు మిల్లులో బస్తాలు మోసిన తాతగారు, మేస్త్రి పద్దులో తన మోత తగ్గకుండుటకై, కంటితో చూచినంతనే నెట్టును లెక్కగట్టు నేర్పును సంపాదించుకొనిరి. నాకు ఏడెనిమిదేండ్ల ప్రాయమున, ఇట్టి నెట్టు ముందే, అరచేతితో అడుగువరుసలోని బస్తాను దబ్బున చరచి, కఱ్ఱ యెత్తి పైవరుసను చూపి, "పైవరుసా అడుగువరుసా కలుపు, పదిహేడు. దాని మీదదీ, పైదాని కిందదీ కలుపు, మళ్ళీ పదిహేడే. ఎన్ని జతలురా? నాలుగు. ఇంకేం, అరవై ఎనిమిది!" అనెడివారు. వరుసలు బేసియైనచో జతల మాటయే లేదు. నడిమి వరుస యెంతయో చూచి వరుసల సంఖ్యచే గుణించెడివారు. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో మధ్యధనమని పేర్కొన్నది ఈ నడిమి వరుసనే. అంతకు పూర్వమే మన పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును తెనిగించి యుండెను. తాతగారు ఈ పేర్లలో నొకటియు వినియెరుగరు. తొలి రెండేండ్ల కూలియంతయు బయానాక్రింద విరుచుకొని మేస్త్రి పలికిన "చెల్లుకు చెల్లు" అను మాటను మాత్రము మరణపర్యంతము మరువలేదు.

ఇదియంతయు బాలునకు చెప్పితిని. అతడు రెండు నిమిషములలో గ్రహించి, పిమ్మట నన్నొక ప్రశ్న వేసెను: "తాతయ్యా, ఇంకా 75 బస్తాలున్నాయట. అడుగున 15 వేస్తే ఎన్ని వరుసలకి అయిపోతాయి?" పైవరుస తెలియదు, నడిమి వరుస తెలియదు, వరుసలెన్నో తెలియదు. తాతగారి అరచేతికి చరచుటకు అడుగువరుస ఒక్కటే మిగిలినది. నేను 15 తీసి, 14 తీసి, 13 తీయుచుండగా, బాలుడు తాను వల్లించిన ఆ సూత్రమునే కాగితముపై వ్రాసి, తిరుగవేసి, వర్గసమీకరణముగా మార్చి 6 అని తేల్చెను. మొత్తమునుండి పదముల సంఖ్యను రాబట్టు మార్గమును 499లోనే ఆర్యభటుడు చెప్పియున్నాడని ఎరిగిన నాకును ఆ క్షణమున అది అక్కరకు రాలేదు. కంఠస్థము చేసినవాని కక్కరకు వచ్చినది. ఇన్నేండ్లుగా నేను నిందించిన వల్లెవేతకు ఆ అంగడిముందే మనసారా నమస్కరించితిని.

సమీకరణమునకు రెండవ మూలము కూడ వచ్చెను: 25. "ఇది తప్పు, ఇరవై అయిదు వరుసలెలా వస్తాయి?" అని అతడు కొట్టివేయబోగా చేయి పట్టుకొంటిని. ఏడవ వరుసనుండి వ్రాయుమంటిని. 9, 8, 7 అని దిగి పదునైదవ వరుసకు 1, పదునారవదానికి సున్న, ఆపైన ఋణము ఒకటి, ఋణము రెండు. ఇరువదియైదవదానికి ఋణము తొమ్మిది. పేర్చినవి 45, తీసినవి 45. మరల 75 వద్దనే నిలిచితిమి. బాలుడు చాలసేపు కాగితమును చూచి, "లేని బస్తాలు ఉన్నవాటిని తినేశాయా తాతయ్యా?" అనెను. బయానా కథ మరల చెప్పితిని. అతడు 25ను కొట్టివేయక, దాని ప్రక్కన, ఇప్పుడిప్పుడే నేర్చుకొనుచున్న వంకర తెలుగు అక్షరములతో, "చెల్లుకు చెల్లు" అని వ్రాసికొనెను.