సంజాయిషీ కాని స్మృతి

యుద్ధంలో చనిపోయినవాడి మతం ఎవరికి కావాలి? సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాం, మాకే కావలసివచ్చింది.

2025 మేలో భారత్, పాకిస్తాన్‌ల మధ్య కాల్పులు జరిగినప్పుడు వరసగా మూడు చావు కబుర్లు విన్నాం. 9న అగ్నివీర్ మురళీ నాయక్, శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండా బిడ్డ. 10న జమ్మూలోని ఆర్.ఎస్.పురా దగ్గర సరిహద్దు భద్రతా దళం సబ్ ఇన్‌స్పెక్టర్ మహమ్మద్ ఇంతియాజ్, బీహార్ వాడు. అక్కడే గాయపడి మర్నాడు కన్నుమూసిన కానిస్టేబుల్ దీపక్ చింగాఖామ్, మణిపూర్ కుర్రాడు. వయసు పాతికేళ్లు. కొద్దేళ్ల కిందటే ఆ దళంలో చేరినవాడు.

అమలాపురంలో, రాజోలులో, కొత్తపేటలో మేమూ ఆ కబుర్లు విన్నాం. మురళిని 'మన తెలుగు బిడ్డ' అనుకున్నాం. దీపక్ పేరు మాకు నోరు తిరగలేదు, వదిలేశాం. ఇంతియాజ్ పేరు వినగానే మాత్రం 'చూశారా, మావాడూ ప్రాణమిచ్చాడు' అన్నాం. ఎవరడిగారని? అడగకముందే జవాబు చెప్పడం మాకు అలవాటైపోయింది.

అందుకే ఈ విమర్శ మా రాతల మీదే. మా దేశభక్తిని ఎవరు శంకించినా మేం జాబితా విప్పుతాం. 1948లో కశ్మీర్లో చనిపోయిన బ్రిగేడియర్ ఉస్మాన్, 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర ట్యాంకులు కూల్చి చనిపోయిన అబ్దుల్ హమీద్. ఇవి నివాళులు కావు, సంజాయిషీలు. ఈ విచారణ హక్కు మీకెవరిచ్చారని ఖాదర్ మొహియుద్దీన్ 1991లోనే 'పుట్టుమచ్చ'లో నిలదీశాడు. అయినా మేం బోనులో నిలబడి సాక్షుల్ని పిలుస్తూనే ఉన్నాం.

జాబితాకెక్కినవాడికి పేరు, మతం, పతకం మిగులుతాయి. మనిషి పోతాడు. హమీద్ ఒక దర్జీ కొడుకని మా కవితల్లో ఎన్ని చెప్పాయి? ఇంకో అన్యాయం కూడా ఉంది. చచ్చినవాడే దేశానికి రుజువైతే, సైకిళ్లు బాగుచేసుకుంటూ బతికున్న మా సాయిబు ఏం చూపించాలి?

మా కోనసీమలో కానిస్టేబుల్ పరీక్షకని తెల్లవారకముందే 1600 మీటర్ల పరుగు తీసే కుర్రాళ్లున్నారు. అన్ని పేటల పిల్లలూ ఉన్నారు. వాళ్ల మాటల్లో జెండా కన్నా జీతం ఎక్కువ. చెల్లి పెళ్లి చెయ్యాలి, గల్ఫులో ఇంటిపని చేస్తున్న అమ్మను వెనక్కి రప్పించుకోవాలి. అలా చేరినవాడు రేపు సరిహద్దులో చనిపోతే అతని త్యాగం తక్కువైపోతుందా? ఆకలిని దాచిపెడితేనే త్యాగం గొప్పదనుకునే స్మృతి కవిత్వమే మాకు చిన్నగా కనిపిస్తోంది.

2025 ఆగస్టులో ఇంతియాజ్‌కూ దీపక్‌కూ మరణానంతరం వీరచక్ర ప్రకటించారు. పతకం ఇద్దరికీ ఒకటే. మా మాటలే వేరయ్యాయి.

1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చనిపోయిన పదిమంది పోలీసుల జ్ఞాపకార్థం ఏటా అక్టోబర్ 21న ఆ ఏడాది పోయిన పోలీసుల పేర్లు చదువుతారు. పేరు తర్వాత పేరు, అంతే. ఒకరి చావు ఇంకొకరి తరఫున సాక్ష్యం చెప్పదు. మేమూ అలాగే చదవడం నేర్చుకోవాలి. ఇంతియాజ్ కోసం ఫాతిహా చదువుతాం. దీపక్ పేరు తప్పులేకుండా పలకడం నేర్చుకుంటాం. మురళి తల్లి దుఃఖాన్ని మా ఇంటి దుఃఖమనుకుంటాం. ఏ మృతుణ్ణీ ఇక మా బోను దగ్గరికి పిలవం.